మేకు లేని గోడ

2005 చలికాలం. గోదావరిఖనిలో ఆ రోజుల్లో పొద్దు కంటే ముందు పొగ లేచేది. ఇంటింటి ముందరా బొగ్గుపొయ్యి రాజేసి పెట్టేవారు. ఆ పొగా, గోదావరి మీది నుంచి వచ్చే మంచూ కలిసిపోయి బస్తీలన్నీ ఒక తెల్లటి తెర వెనక ఉండేవి. అందులో మొదటి షిఫ్టు వాళ్ల సైకిలు గంటలు వినపడేవి గానీ మనుషులు కనపడేవారు కాదు. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక నాకు ఆఫీసు ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. ఆ పొగలో దారి వెతుక్కుంటూ నేను వెళ్లిన ఇళ్లు మాత్రం ఇప్పటికీ వస్తుంటాయి. వాటిలో ఎక్కువగా వచ్చేది నర్సమ్మ ఇల్లు.

నేనొక భూగర్భ గని ఆఫీసులో, పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో క్లర్కుని. పర్సనల్ అంటే కార్మికుల హాజరు, సెలవులు, క్వార్టర్లు, తగువులు అన్నీ చూసే విభాగం. నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా హెచ్‌ఆర్‌ఏ దరఖాస్తులు. కంపెనీ క్వార్టర్ ఇంకా రాని కార్మికుడు బయట కిరాయికి ఉంటే, జీతంతో కలిపి ఇచ్చే ఇంటద్దె భత్యం అది. బయటివాళ్ల ఇల్లయితే రసీదు పెట్టుకుని పంపేసేవాళ్లం. ఇంటి యజమాని చుట్టమైతే మాత్రం మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి వెళ్లి చూడాలి. వాకిలి ఎట్లున్నా పొయ్యి వేరుగా ఉండాలి. యజమాని తన నోటితో, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల ముందు, కిరాయి తీసుకుంటున్నానని చెప్పాలి. చుట్టం ఇంట్లో ఊరికే ఉంటూ కిరాయి అని రాసేవాళ్లు కొందరు ఉండేవారు కాబట్టి ఈ జాగ్రత్త.

మగ క్లర్కులు వాకిట్లో కుర్చీ దాకానే పోగలరు. పొయ్యి సంగతి తెలియాలంటే వంటింట్లో అడుగు పెట్టాలి. అందుకని ఈ పని నా మీద వేశారు. వేశారని అంటున్నాను గానీ నాకది పండగే. ఇంకొకరి వంటింట్లో నిలబడితే నాకు ఏదో మత్తు కమ్మేది. అలమరలో గిన్నెలు ఎట్ల సర్దారు, కిటికీలోంచి వెలుగు ఎక్కడ పడుతోంది, ఎసరు పొంగితే ఎవరు లేచి వస్తారు, ఇవే చూస్తూ ఉండిపోయేదాన్ని. మా ఆఫీసరు మూర్తి గారు రాజమండ్రి వైపు మనిషి. "సుగుణమ్మని ఇంటి తనిఖీకి పంపితే రిపోర్టు కాదయ్యా, కథ పట్టుకొస్తుంది" అని అందరి ముందూ ఏడిపించేవారు. ఆయన మాటలో అబద్ధం లేదు.

సదయ్య నా కౌంటర్ దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ముప్పై ఏళ్ల మనిషి. గోలేటి వైపు గని నుంచి మా గనికి బదిలీ మీద వచ్చాడు. హాలేజ్ ఆపరేటర్, అంటే గని లోపల బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం నడిపేవాడు. మాట తక్కువ. దరఖాస్తు ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందులో 'ఇంటి యజమానితో సంబంధం' అనే చోట చాలామంది గీత గీసి వదిలేస్తారు. ఇతను 'అత్త' అని రాశాడు.

"ఇట్ల రాస్తే ఇంటికి వచ్చి చూస్తం, తెలుసు కదా?" అన్నాను.

"రాన్రి మేడం. ఉన్నదే రాసిన."

"కిరాయి నిజంగనే ఇస్తున్నవా?"

"ఇయ్యకపోతే ఆ ఇంట్ల నేను ఉండ" అన్నాడు. కౌంటర్ మీదికి వంగి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పాడు. "బాయి మీద అందరూ ఇల్లరికం అల్లుడొచ్చిండని నవ్వుతున్నరు. నేను ఇల్లరికం రాలే మేడం. కిరాయికొచ్చిన."

బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతని మెడ నిటారుగా నిలబడింది. ఈ మనిషికి కావలసింది ఆ భత్యం ఒక్కటే కాదని నాకప్పుడే అనిపించింది. కంపెనీ ముద్ర వేసి, ఇతను కిరాయిదారే అని చెప్పాలి. అదీ అతని కోరిక.

తర్వాతి వారం నేను వెళ్లాను. గనికి ఆనుకుని ఉన్న పాత బస్తీ అది. పొగలోంచి ముందు ఒక బీరతీగ కనపడింది, తర్వాత అది పాకిన పెంకుల కప్పు, ఆ తర్వాత ఇల్లు. ఒకటే వాకిలి, నడుమ గోడ. ఎడమ దిక్కు అర్రలో, అంటే గదిలో, అత్త నర్సమ్మ. కుడి దిక్కు అర్రలో సదయ్య, అతని భార్య స్వరూప. నర్సమ్మ భర్త మా గనిలోనే పనిచేసి కొన్నేళ్ల కింద జబ్బుచేసి పోయాడు. ఆమెకు స్వరూప ఒక్కతే సంతానం.

నేను ముందు రెండు అర్రలూ తిరిగి చూశాను. పొయ్యిలు రెండు. ఒకదాని మీద జొన్నగటక ఉడుకుతోంది, రెండోదాని మీద పప్పు. ఎడమ అర్రలో గోడ నిండా సామాను వేలాడుతోంది. చాట, జల్లెడ, తాటాకు విసనకర్ర, పాత హెల్మెట్టు, నడుమ దండ వేసిన భర్త ఫొటో. కుడి అర్ర తెల్లగా, ఖాళీగా, అప్పుడే సున్నం వేసినట్టు ఉంది. ఆ తెలుపులో కాసేపు నిలబడి బయటికి వచ్చాను. ఎందుకో హాయిగా అనిపించింది గానీ కారణం ఆలోచించలేదు.

సాక్షులుగా పక్కింటి ఐలయ్యనూ, ఎదురింటి కనకవ్వనూ పిలిపించాను. ఐలయ్య రిటైరైన సర్దారు, అంటే గని లోపల కార్మికుల పని చూసే పెద్ద. కనకవ్వకు నర్సమ్మ వరసకు వదిన. సదయ్యకు ఆ వారం రెండో షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. వాకిట్లో ఒక పక్కన కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. అల్లుడు వాకిట్లో ఉన్నాడని నర్సమ్మ గడప దాటలేదు. అత్త అల్లుని ముందర నిలబడి మాట్లాడకపోవడం మా వైపు పాత మర్యాద. కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు వెనక నిలబడింది. నాకు ఆమె చెయ్యి, రెండు వెండి గాజులు మాత్రమే కనపడుతున్నాయి.

నేను రూలు ప్రకారం అడగాల్సింది అడిగాను. "నర్సవ్వా, సదయ్య మీ ఇంట్ల కిరాయికి ఉంటుండు కదా. నెలనెలా కిరాయి తీసుకుంటున్నరా?"

గాజులు కదలడం ఆగిపోయింది. కనకవ్వ మెడ ముందుకు సాగింది.

"ఏం మాట బిడ్డా అది?" అంది తలుపు వెనక నుంచి. "అల్లుని దగ్గర కిరాయి తీసుకుంటనా? నాకున్నది ఒక్క బిడ్డ. బిడ్డ సొమ్ము తిని బతికే గతి నాకు రాలే."

"అగో, గట్లెట్ల తీసుకుంటది మేడం?" అంది కనకవ్వ. ఐలయ్య గొంతు సవరించుకున్నాడు.

నేను సదయ్య వైపు చూశాను. అతను బూటు కింద పెట్టాడు. ముఖంలో రంగు పోయింది. ఇతని నోటి నుంచి 'అత్తమ్మ అబద్ధం చెప్తుంది' అన్న మాట వస్తుందేమోనని నేను ఎదురుచూశాను. బస్తీ అంతా వింటోంది.

"నువ్వేమంటవు సదయ్యా?"

"అత్తమ్మ ఎట్ల చెప్పిందో గట్లనే రాసుకోన్రి."

"రాస్తే ఏమైతదో ఎరికేనా?"

"ఎరికే."

ఎరికే అంటే తెలుసని. దొంగ క్లెయిము కింద ఛార్జిషీటు వస్తుంది, అంటే నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పుకోమని నోటీసు. అడిగిన భత్యం ఎలాగూ రాదు. అంతకంటే ముఖ్యం, గని మీద ఇక అతనికి రెండు పేర్లుంటాయి. ఇల్లరికం అల్లుడు, దొంగ. అవన్నీ తెలిసి కూడా అత్తను నలుగురిలో తప్పు పట్టలేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేలక కాగితాలు సంచిలో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం స్వరూప ఆఫీసుకు వచ్చింది. మొగుడికి టిఫిను డబ్బా ఇవ్వడానికని గేటులో చెప్పిందట. మొగుడేమో అప్పటికింకా ఇంట్లోనే ఉన్నాడు. నా బల్ల ముందు కూర్చుని డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది.

"మా అవ్వ అబద్ధం ఆడలే మేడం" అంది. అవ్వ అంటే మా దగ్గర అమ్మ.

"మరి సదయ్య ఆడిండా?"

"ఆయన గూడ ఆడలే. ఒకటో తారీఖు దాటినంక ఆయన పైసలు తీసుకపోయి గోడ గూట్ల, దీపం పక్కన పెడతడు. పెట్టి డ్యూటీకి పోతడు. ఆయన సైకిలు మూల తిరిగినంక అవ్వ వచ్చి తీసుకుంటది. చేతుల ఎన్నడు తీసుకోలే. ఇద్దరూ ఆ ముచ్చట నోటితోని అననే అనరు."

నేను ముందు రోజు ఆ గూడు చూశాను. గోడలో దీపం పెట్టుకునే చిన్న గూడు. ఒకరు పెట్టి వెళ్లిపోవడం, ఇంకొకరు వచ్చి తీసుకోవడం, మధ్యలో ఆ ఖాళీ వాకిలి. విన్నకొద్దీ నాకు ఆ ఇంట్లో ఇంకాసేపు కూర్చోవాలనిపించింది.

"ఆ పైసలు మళ్ల నీకే ఇస్తదా?" అని అడిగాను. ఇస్తే అది కిరాయి కాదు, నాటకం. అడగక తప్పదు.

"ఎందుకిస్తది మేడం? వానలకు ముందు మా దిక్కు పెంకులు తిప్పిచ్చింది. దసరకు సున్నం ఏపిచ్చింది. ఇల్లు కిరాయికిచ్చినంక ఇంటోళ్లే చెయ్యాలె కద అంటది. నాతోనే అంటది గాని, గోడ అవతల ఆయనకు ఇనపడేటట్టు అంటది."

నవ్వొచ్చింది ఇద్దరికీ. కానీ స్వరూప నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఇల్లరికమని రాత వస్తే ఆయన ఉండడు మేడం. మళ్ల గోలేటికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా అంటుండు. అల్లుని దగ్గర పైసలు తీసుకున్నదని బస్తీల తెలిస్తే మా అవ్వ తల ఎత్తుకోని తిరగదు. ఇద్దరూ మంచోళ్లే. నడుమ నేనే నలుగుతున్న" అంది. నేను టీ తెప్పించి ఇచ్చాను.

మూర్తి గారి దగ్గరికి వెళ్లి, ఆమెతో ఒంటరిగా మాట్లాడి రాసుకుంటే చెల్లదా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చెల్లదమ్మా. ఒంటరిగా రాసుకుంటే రేపు ఆ క్లర్కు లంచం తినేసింది అంటారు. సాక్షుల ముందు చెప్పాల్సిందే. రేపు సాయంత్రం దాకా చూస్తాను. ఈలోగా ఏమీ తేలకపోతే ఆవిడ చెప్పిందే పైకి పంపేద్దాం. అబ్బాయిని చూస్తే జాలేస్తోంది, కానీ ఏం చేస్తాం?" అన్నారు.

నాకొక అలవాటు ఉంది. చూసి వచ్చిన ఇంటిని కళ్లు మూసుకుని మళ్లీ ఒకసారి తిరిగి వస్తాను. ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక, బయట ఎండ పల్చగా ఉండి లోపల అందరికీ కునుకు పట్టే వేళ, బల్ల మీద తల ఆనించి నర్సమ్మ ఇంట్లోకి నడిచాను. బీరతీగ దాటాను. ఎడమ అర్రలో చాట, జల్లెడ, హెల్మెట్టు, ఫొటో. కుడి అర్రలో తెల్లటి గోడలు. సదయ్య చొక్కాలు ఎక్కడున్నాయి? కిటికీ ఊచ నుంచి పైన వాసానికి కట్టిన దండెం మీద. క్యాలెండరు? పురికొసతో కిటికీ ఊచకు కట్టి ఉంది. అద్దం? గూట్లో ఆనించి ఉంది. దేవుని పటం? చెక్కపెట్టె మీద, గోడకు చేరగిలబడి. నాకు హాయిగా అనిపించిన ఆ తెలుపు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ అర్ర గోడలకు ఒక్క మేకు లేదు.

మేకుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? నేను పెరిగింది మంచిర్యాలలో, కిరాయి ఇళ్లలో. ఇల్లు మారిన ప్రతిసారీ మా అమ్మ మొదట చేసే పని దండెం కట్టడం. ఇంటి ఓనరమ్మ మొదట చెప్పే మాట, గోడకు మేకు కొట్టవద్దని. ఒక ఓనరమ్మ అయితే పండగ నాడు పలకరించే వంకతో వచ్చి అరచేత్తో గోడలు తడిమి చూసుకుని పోయేది. మా నాన్నకు తన ఫొటో ఒకటి గోడకు పెట్టుకోవాలని ఉండేది. అది ఎప్పుడూ ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. సొంత ఇంట్లో ఉండేవాడు మేకు కొట్టేముందు ఎవరినీ అడగడు. అల్లుడైనా, కొడుకైనా, ఇంటివాడు కొట్టేస్తాడు. దండెం మీద బతికేవాడు కిరాయిదారే.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. పొగ విడిపోయి ఎండ కాస్తోంది. అదే ఐలయ్య, అదే కనకవ్వ. సదయ్య డ్యూటీకి తయారై సైకిలు పట్టుకుని, నన్ను చూసి ఆగిపోయాడు. నర్సమ్మ మళ్లీ తలుపు వెనక్కి వెళ్లింది. ఈసారి గాజులు కూడా లోపలికి పోయాయి.

"నర్సవ్వా, ఇయ్యాల కిరాయి ముచ్చట అడగ" అన్నాను. "వేరే మాట చెప్పు. నీ దిక్కు గోడకు ఇన్ని మొలలున్నయి. బిడ్డ దిక్కు ఒక్కటి లేదేంది?"

మొల అంటే మా దగ్గర మేకు. ఆమె ఏదో అనబోయింది. అంతలో అవతల ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచి తవ్వే గనిలో, మధ్యాహ్నం బ్లాస్టింగ్ మొదలైంది. గోదావరిఖనిలో అప్పుడు అందరూ చేసేది ఒకటే, ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోవడం. అలమరలో గిన్నెలు సన్నగా మోగాయి. నేల కింద నుంచి ఏదో నడిచిపోయినట్టు అయింది. నర్సమ్మ గోడ పైనుంచి చిటికెడు మట్టి రాలింది. అంతా సద్దుమణిగాక ఆమె చెయ్యి బయటికి వచ్చి, రాలిన చోట గోడను నిమిరింది.

"నేనే వద్దన్న" అంది.

"ఎందుకు?"

"ఎందుకంటవేంది బిడ్డా? ఇది నా పెనిమిటి డ్యూటీ దిగొచ్చి, మట్టి తొక్కి పెట్టిన గోడ. మొల కొడితే పెచ్చులూడుతది. ఉండెటోళ్లకేం, ఇయ్యాల ఉంటరు, రేపు క్వార్టర్ వస్తే పోతరు. పొక్కలు నాకుంటయి."

కనకవ్వ ఊరుకోలేదు. "గదేంది వదినా? అల్లుడు ఒక మొల కొట్టుకుంటే ఏమాయె?"

"అల్లుడైతే నా బిడ్డకు. గోడకు కాదు" అంది నర్సమ్మ. గొంతులో ఇప్పుడు మొన్నటి బెదురు లేదు. "నా ఇంట్ల ఉండెటోళ్లు ఎవ్వలైనా మొల కొట్టాలంటే నన్నడగాలె. దిగిన నాడే బిడ్డతోని చెప్పిచ్చిన. ఇంటోళ్లం మేం, ఆమాత్రం చెప్పమా?"

ఐలయ్య పెద్దగా నవ్వాడు. "ఇగ రాసుకోన్రి మేడం. అల్లుడని గూడ చూస్తలేదు. గట్టి ఇంటావిడె. నా సంతకం ఎక్కడ పెట్టాలె?"

కనకవ్వ కూడా వేలిముద్ర వేసింది. ఆమె దృష్టిలో అది వదిన గొప్పతనానికి వేసిన ముద్ర. అల్లుని సొమ్ము తిన్నదన్న మాట ఎక్కడా రాలేదు. గోడ తనదన్న మాట వచ్చింది. నేను తల ఎత్తి చూసేసరికి సదయ్య సైకిలు స్టాండు వేసి, తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు నేను అంతకు ముందు చూడలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ లేదు కాబట్టి పొగ మీద పెట్టడానికీ లేదు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. పొయ్యిలు వేరు. కప్పు మరమ్మతు, సున్నం యజమాని చేయించారు. యజమాని అనుమతి లేనిదే గోడకు మేకు కొట్టే హక్కు నివాసికి లేదు. ఈ మాట యజమానే సాక్షుల ముందు చెప్పారు. మూర్తి గారు చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగారు. "రాజమండ్రిలో మా ఓనరు కూడా ఇంతేనమ్మా. మా అమ్మాయి మొదటి ఫొటో మూడేళ్లు ఫ్రిజ్ మీదే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ తలుచుకుని తిడుతుంది" అన్నారు. రూలు సంగతి ఇంకేమీ మాట్లాడకుండా సంతకం చేశారు. మరుసటి నెల సదయ్య కౌంటర్‌కు వచ్చి ఒక సంచి పెట్టాడు. "అత్తమ్మ బీరకాయలు పంపింది" అని ఒకే ముక్క చెప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నా పని తీరు మారింది. సిగ్గుపడే మాటను సూటిగా అడిగితే మంచివాళ్లు కూడా లేదనే అంటారు. వాళ్లకు గర్వమున్న చోట అడిగితే నిజం దానంతట అదే వస్తుంది. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడలు చూడటం కూడా అప్పటి నుంచే అలవాటైంది.

తెలంగాణ వచ్చిన ఏడు ఓపెన్‌కాస్టు పెరిగి ఆ బస్తీ లేచిపోయింది. నర్సమ్మ గోడ కూడా పోయింది. ఆ రోజు నేను అటు వెళ్లలేదు, వెళ్లబుద్ధి కాలేదు. సదయ్యకు అప్పటికే క్వార్టర్ వచ్చింది. వాన వెలిసిన ఒక పొద్దున క్వార్టర్ల తనిఖీకి నేనే ఆ కాలనీకి వెళ్లాను. ఈ తనిఖీ దేనికంటే, కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఎవరైనా అర్ర ఖాళీ చేసి బయటివాళ్లకు కిరాయికి ఇస్తున్నారేమో చూడటానికి. దాన్ని సబ్‌లెట్టింగ్ అంటారు, అది తప్పు.

స్వరూప తలుపు తీసింది. ఇల్లు కళకళలాడుతోంది. ముందు గది గోడల నిండా మేకులే. చొక్కాలు, స్కూలు సంచి, క్యాలెండరు, దేవుని పటాలు. పదేళ్ల ఆకలి తీర్చుకున్నట్టు కొట్టాడు సదయ్య. వెనక చిన్న గదిలో నర్సమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, "మొలల మేడం వచ్చిందే" అని కూతుర్ని కేకేసింది.

నేను అలవాటు కొద్దీ గోడల వైపు చూశాను. తెల్లగా ఉన్నాయి. కిటికీ ఊచ నుంచి వెంటిలేటర్ ఊచకు ఒక దండెం కట్టి ఉంది. దాని మీద రెండు చీరలు, ఒక తువ్వాల. భర్త ఫొటో కనపడలేదు.

"నర్సవ్వా, మొల కొట్టిచ్చుకోలేదేంది?"

"గోడ మనది కాదు కద బిడ్డా. అల్లుని ఇల్లు."

ఫొటో ట్రంకుపెట్టెలో చీర మడతల్లో ఉందట. నాకు మా నాన్న ఫొటో గుర్తొచ్చింది. స్వరూప నా చెయ్యి తాకి, కళ్లతోనే కిటికీ గట్టు వైపు చూపించింది. అక్కడ చిన్న దీపం కుంది ఉంది. దాని పక్కన మడతపెట్టిన నోట్లు. "పింఛను వచ్చినంక పెడతది. చేతుల ఇస్తే ఆయన తీసుకోడు. ఆమె స్నానానికి పోయినప్పుడు వచ్చి తీసుకపోతడు" అంది చెవిలో. రూలు ప్రకారం చూస్తే అది ఏమవుతుందో నాకు తెలుసు. నేను ఆ కిటికీ వైపు మళ్లీ చూడలేదు.

మా మాటలు ముందు గదిలోకి వినపడ్డట్టున్నాయి. సదయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో సుత్తె, నోట్లో రెండు మేకులు. అతన్ని చూసి నర్సమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది గానీ లేచి తలుపు వెనక్కి పోలేదు. అతను మేకులు నోట్లోంచి తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"అత్తమ్మా, ఏడ కొట్టాలె?"

వాళ్లిద్దరూ ఎదురెదురుగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. నర్సమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లనే ఉంది. గోడను చాలాసేపు చూసింది. అల్లుడు ఒకచోట వేలు పెట్టి చూపించాడు.

"గాడ కాదు" అంది. "ఇంకింత మీదికి. మీ మామ పొద్దుగాల లేవంగనే కనపడాలె."

నేను ముందు గదిలోకి వచ్చి కాగితాలు తీసుకున్నాను. 'క్వార్టర్‌లో కిరాయిదారులు ఎవరైనా ఉన్నారా?' అనే చోట 'లేరు' అని రాశాను. లోపల సుత్తె చప్పుడు అవుతోంది.